షూలు కొత్తవే, మరి చక్రం ఎందుకు కాలుతోంది?

వానలు వెనకపట్టాయి. సంక్రాంతికి పిల్లలు వస్తారని షెడ్డులో మూలన ఉన్న పాత కార్లకు టార్పాలిన్ తీసే రోజులివి. అందుకేనేమో ఈసారి వచ్చిన ప్రశ్నల్లో బ్రేకులవే ఎక్కువ, అవీ దాదాపు అన్నీ గోదావరికి ఈ గట్టునో ఆ గట్టునో ఉన్నవాళ్ళవే. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదయింది, ఎందుకంటే మిగతావాళ్ళ కష్టాలకు మూలం కూడా చాలావరకు అందులోనే ఉంది.

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. రిటైరైన టీచర్ని. 1997 మారుతి 800 ఉంది, నేను కొన్న మొదటి కారు, అమ్మడం ఇష్టం లేదు. ఎనిమిది నెలలు హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉండి వచ్చేసరికి వెనక చక్రాలు పట్టేశాయి. మెకానిక్ చక్రాలతో పాటు తిరిగే బ్రేక్ డ్రమ్ములు ఊడదీసి, లోపలినుంచి వాటిని ఒరిసి చక్రాన్ని ఆపే షూలు కొత్తవి వేశాడు. కుడి వైపు ఒక స్ప్రింగు విరిగి ఉందని, ఒక పిన్ను లేదని, తన దగ్గర ఉన్న వేరే బండివి వేశాడు. ఇప్పుడు అమలాపురం వెళ్ళి వస్తే కుడి వెనక చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, బ్రేక్ తొక్కితే కిర్రుమంటోంది. రెండు షాపుల్లో స్ప్రింగులు తెచ్చాను. ఒకదాని కొక్కెం షూ బెజ్జంలో దూరట్లేదు, రెండోది పొట్టి. 'ఎయిట్ హండ్రెడ్‌ది ఏదైనా పడుతుంది మాస్టారూ' అంటున్నారు. సరైనది ఏదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఒక మాట. చక్రం అంత కాలుతున్నప్పుడు ఈ సంగతి తేలేదాకా ఆ కారు రోడ్డు మీదికి తియ్యకండి. పెడల్ తొక్కితే డ్రమ్ములో షూలను బయటికి నెట్టేది వీల్ సిలిండర్, ఆ వేడికి దాని రబ్బరు కప్పులు గట్టిపడిపోతాయి, బేరింగు గ్రీజు కరిగి కారి షూల మీదికి వస్తుంది, ఇక బ్రేక్ ఆయిల్ పాతదై నీరు పీల్చుకుని ఉంటే అది లోపలే మరిగి పెడల్ నేలకు దిగిపోతుంది. ఆ చివరిది జరిగితే తొక్కడానికి ఏమీ ఉండదు.

ఇక 'పడుతుంది' అన్న మాట. నాకు బ్రేకుల విషయంలో ఈ మాటంటేనే భయం. పట్టడం వేరు, సరిపోవడం వేరు. కొక్కెం బెజ్జంలో దూరితే పట్టినట్టే, కానీ ఆ స్ప్రింగు లాగే బలం అవతలి చక్రంలో ఉన్నదాని బలంతో సమానంగా లేకపోతే సరిపోనట్టే. చాలా ఏళ్ళ కిందట నేనూ ఒకసారి షాపతని మాట నమ్మి అలాంటి స్ప్రింగులే ఒక పక్కన వేయించాను. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఏమీ తెలియలేదు. నరసాపురం రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కడానికి వాలులోకి దించి బ్రేక్ తొక్కాను. అంతా తడి, బురద. ఎడమ వెనక చక్రం టక్కున పట్టేసింది, కుడిది పట్టలేదు, కారు వెనకభాగం పక్కకు జారి నీళ్ళ వైపు తిరిగింది. ముందున్న బండివాళ్ళు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ వెనక సీట్లో మా అమ్మ ఉంది. అప్పటినుంచి స్ప్రింగు కొనేటప్పుడు కొలవకుండా డబ్బులివ్వడం మానేశాను.

కొత్తవి కొనేముందు తప్పు నిజంగా స్ప్రింగుదేనా అని తేల్చుకోవాలి. మీ కారు ఎనిమిది నెలలు కదలకుండా ఉంది, బహుశా హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచి ఉంటారు. మన తేమకు కేబుల్ దాని గొట్టంలోనే తుప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలే. ఇలా చూడండి: రోడ్డెక్కకుండా ఖాళీ స్థలంలోనే నెమ్మదిగా కాస్త తిప్పి, చక్రం వేడెక్కాక, సమతలంగా ఉన్న చోట ముందు చక్రాలకు రెండు వైపులా ఇటుకలు పెట్టి, కుడి వెనక వైపు జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మకండి) చక్రం చేత్తో తిప్పండి. బరువుగా తిరుగుతుంటే ముందు హ్యాండ్ బ్రేక్ కేబుల్ నట్టు వదులు చేయించండి. చక్రం వదిలిందా, దోషం కేబుల్‌ది. వదల్లేదా, వీల్ సిలిండర్ వెనక ఉండే బ్లీడ్ స్క్రూ (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే మర) ఒక్క క్షణం తెరవమనండి. చుక్క ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే, ఆయిల్ వెనక్కి పోలేక లోపల నిలిచిపోతోందని అర్థం. పాత రబ్బరు హోసు పైకి బాగానే కనబడి లోపల ఉబ్బిపోతే ఇలాగే జరుగుతుంది. ఈ రెండింటికీ వదలకపోతేనే డ్రమ్ము లోపలి సామాను మీద అనుమానపడాలి: స్ప్రింగు, అడ్జస్టరు (షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ముకు దగ్గర చేసేది), లేదా వీల్ సిలిండర్‌లో కదలకుండా పట్టేసిన పిస్టన్. మీరు రాసిన లక్షణాలకు, కుడి వైపే వేరే బండి సామాను వేశారు కాబట్టి, నా లెక్కలో ఇక్కడికే వస్తుంది. అయినా ఈ పరీక్షకు అరగంట పడుతుంది, చేయించండి.

ఇప్పుడు డ్రమ్ము విప్పారనుకుందాం. ఒక్క కుడి వైపే కాదు, రెండు వైపులా విప్పించండి. విప్పగానే కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదనివ్వకండి. మన మెకానిక్‌లు అందరూ చేసేది అదే, వాళ్ళ ఊపిరితిత్తులకు మంచిది కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరు. షూల మీద అరిగే పొరే లైనరు, పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, 1997 బండిలో ఏ కాలపు లైనర్ ధూళి పేరుకుందో ఎవరికి తెలుసు. సబ్బు నీళ్ళతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మూట కట్టి పారెయ్యండి.

తుడిచాక కూర్చుని తీరిగ్గా చూడండి. రెండు అర్ధచంద్రాల్లాంటి షూలు. వాటిని ఒకదానివైపు ఒకటి లాగి ఉంచే రిటర్న్ స్ప్రింగులు. ఒక్కో షూ మధ్యలో వెనక రేకు నుంచి పొడుచుకొచ్చిన సన్నటి పిన్ను, దాని మీద చిన్న స్ప్రింగు, పైన గిన్నెలాంటి మూత. దీన్ని హోల్డ్ డౌన్ అంటారు, షూ ఊగకుండా వెనక రేకుకు ఆనించి ఉంచడం దీని పని. రెండు షూల మధ్య అడ్డంగా అడ్జస్టరు. వెనక వైపు షూకి హ్యాండ్ బ్రేక్ లివరు. షూలు అరుగుతాయి కాబట్టి అందరూ మారుస్తారు, ఇవి అరగవు కాబట్టి ఎవరూ మార్చరు. నిజానికి స్ప్రింగు పాడయ్యేది అరిగి కాదు, కాలి. వందలసార్లు వేడెక్కి చల్లారి బిగువు పోతుంది. రిటర్న్ స్ప్రింగు బిగువు పోతే పెడల్ వదిలినా షూ డ్రమ్మును ఒరుసుకుంటూనే ఉంటుంది; వేడి అందుకే. మీ మెకానిక్ వేసిన పిన్ను అసలుదానికన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడుగైతే చాలు, దాని స్ప్రింగు నొక్కుకోక షూ వాలిపోతుంది, ఒక అంచే డ్రమ్ముకు తగులుతుంది. కిర్రుమనేది బహుశా అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. శాంపిల్ పట్టుకెళ్ళి అదే ఇమ్మంటే సరిపోతుందనుకుంటాం. కానీ ఇన్నేళ్ళ పాత బండిలో ఉన్న స్ప్రింగు కంపెనీ నుంచి వచ్చినదే అని నమ్మకం ఏమిటి? మధ్యలో ఎంతమంది ఎన్ని చేతులు వేశారో. అందుకే రెండు వైపులూ విప్పమన్నది. ఎడమ వైపు స్ప్రింగు, కుడి వైపు స్ప్రింగు ఒక పేపరు మీద పక్కపక్కన పెట్టండి. తీగ మందం, చుట్ల లెక్క, చుట్టు బయటి వ్యాసం, కొక్కెం నుంచి కొక్కేనికి పొడవు, కొక్కెం తిరిగిన దిక్కు, ఏదైనా రంగు మిగిలి ఉంటే ఆ రంగు. తీగ మందంలో తేడా కంటికి ఆనదు, సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో కొలవాలి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, మీ ఊళ్ళో లేత్ పనివాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది. తీగ ఏమాత్రం లావైనా బలం చాలా పెరుగుతుంది, మిగతా కొలతలన్నీ కలిసినా అది వేరే స్ప్రింగే. షూ బెజ్జం అంచు కూడా టార్చి వేసి చూడండి. ఏళ్ళ తరబడి కొక్కెం ఆనిన చోట నున్నగా మెరిసే గాడి పడుతుంది. మీరు కొత్త షూలు వేయించారు కాబట్టి పాతవి మెకానిక్ దగ్గర ఇంకా ఉంటే వెంటనే తెచ్చుకోండి, పాత ఇనుముకు వేసేసి ఉంటే చేసేదేమీ లేదు. ఆ గాడి వెడల్పు అసలు కొక్కెం ఎంత మందమో చెబుతుంది, ఏ బెజ్జంలో తగిలించారో కూడా చెబుతుంది. ఒకే షూకి రెండు మూడు బెజ్జాలు ఉంటాయి, ఒక మోడల్‌కు ఒకటి, ఇంకో మోడల్‌కు ఇంకొకటి. సరైన స్ప్రింగునే తప్పు బెజ్జంలో తగిలించినవాళ్ళను చూశాను.

స్ప్రింగు సాగిందో లేదో తెలుసుకోవడానికి పాత మెకానిక్‌ల పరీక్ష ఒకటుంది. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే రిటర్న్ స్ప్రింగును నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద పడెయ్యండి. టప్పున మొద్దుగా చప్పుడైతే చుట్లు ఇంకా బిగువుగా ఉన్నాయి. టింగుమని మోగితే చుట్ల మధ్య సందు వచ్చేసింది, సాగిపోయింది. వెలుతురుకు పెట్టి చూసినా ఆ సందులోంచి వెలుగు కనబడుతుంది. నీలం రంగు తిరిగినా, తుప్పు గుంటలు పడినా, కొక్కెం విచ్చుకున్నా, చప్పుడు మొద్దుగా బాగానే వచ్చినా సరే, ఆ స్ప్రింగు పక్కన పెట్టెయ్యండి.

షాపుకు వెళ్ళేముందు ఆర్‌సీ తీసి చూడండి. మీరు '1997 మోడల్' అన్నది రిజిస్ట్రేషన్ ఏడాదా, తయారైన ఏడాదా? ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం విడిగా ఉంటాయి, ఛాసిస్ నంబరు ఉంటుంది. డిసెంబరులో తయారై మరుసటి ఏడాది రిజిస్టరైన బండ్లు చాలా ఉన్నాయి, కంపెనీ మధ్యలో సామాను మార్చిందంటే ఆ ఒక్క నెల తేడాతోనే షాపువాడిచ్చేది మారిపోతుంది. మారుతి 800 అంటే 1983 నుంచి 2014 దాకా ముప్పై ఏళ్ళు తయారైన బండి. 'ఎయిట్ హండ్రెడ్‌ది ఒకటే' అంటే ఎలా కుదురుతుంది? ఛాసిస్ నంబరుతో కంపెనీ స్పేర్ పార్టుల కౌంటరులో పార్టు నంబరు తీయించండి. ఆ నంబరు సాధారణంగా ఐదు, ఐదుగా ఉంటుంది: మొదటి ఐదు అంకెలు అది ఏ రకం వస్తువో, తరవాతి ఐదు ఏ మోడల్ కోసమో చెబుతాయి. మొదటి భాగం కలిసి రెండోది కలవకపోతే వస్తువు అదే రకం, బండి మాత్రం మీది కాదు. ఆ నంబరు ఒక కాగితం మీద రాసుకుని, స్టాకు లేదన్నా సరే, దాంతో రాజమండ్రిలోనో కాకినాడలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడగండి. నంబరుతో అడిగేవాడికి ఇచ్చే వస్తువు వేరు, పేరుతో అడిగేవాడికి ఇచ్చే వస్తువు వేరు, ఇది నేను కళ్ళారా చూసిందే.

కొనేటప్పుడు కుడి ఒక్కదానికే కొనకండి. నాలుగు రిటర్న్ స్ప్రింగులైతే నాలుగూ, పిన్నులూ గిన్నెలూ నాలుగేసి, రెండు చక్రాలకూ ఒకే ప్యాకింగు. ఈ సామానంతా కలిపినా షూల ఖరీదుకు దరిదాపుల్లో ఉండదు. అడ్జస్టరు మర స్క్రూ రకమైతే ఎడమదీ కుడిదీ మర తిరిగే దిక్కు వేరు. అటుదిటు వేస్తే బ్రేకు తనంతట తాను బిగుసుకోవాల్సింది పోయి వదులైపోతూ ఉంటుంది. పెడల్ రోజురోజుకీ కిందికి దిగుతుంటే ఎవరికీ కారణం తోచదు. అందుకే కొలతలయ్యాక పాతవి తిరిగి పెట్టించి, కొత్తవి వేసేటప్పుడు ఒక చక్రం పూర్తిచేశాకే రెండోదాని సామాను విప్పమనండి. రెండూ ఒకేసారి విప్పింది కొలతల కోసం. బిగించేటప్పుడు మాత్రం ఒకటి కళ్ళెదుట నమూనాగా ఉండాలి, పైగా మీ ఫోనులో ఫొటోలు ఎలాగూ ఉంటాయి. షూ ఆనే చోట వెనక రేకు మీద చిన్న చిన్న ఎత్తులు ఉంటాయి, వాటిని గీకి శుభ్రం చేసి, వేడికి కరగని బ్రేక్ గ్రీజు గోరంత రాయించండి. మామూలు ఛాసిస్ గ్రీజు రాస్తే కరిగి లైనరు మీదికి పోతుంది.

అయ్యాక మొదటి పరీక్ష కాలవగట్టు మీద చెయ్యకండి. మన గట్ల సంగతి మీకు నేను చెప్పాలా, ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను. ఏ ఖాళీ లేఅవుట్‌లోనో నెమ్మదిగా, పది పదిహేను సార్లు మెత్తగా ఆపి, తరవాత అయిదారు కిలోమీటర్లు తిరిగి దిగి, రెండు వెనక చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి వేడి పోల్చి చూడండి. రెండూ ఒకలాగే వెచ్చగా ఉంటే పని కుదిరినట్టు. ఇక మీదట ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే హ్యాండ్ బ్రేక్ వెయ్యకండి. గేరులో పెట్టి చక్రానికి ఇటుకో చెక్కముక్కో అడ్డం పెట్టండి. తడి డ్రమ్ములో షూ నెలల తరబడి ఆనుకుని ఉంటే తుప్పుతో అంటుకుపోతుంది, మీకు జరిగింది అదే.

ప్రశ్న: మండపేట నుంచి రాస్తున్నాను. మా తాతగారి అంబాసిడర్ ఉంది, పెళ్ళిళ్ళకు ముస్తాబు చేసి తిప్పుతుంటాం. ముందు చక్రం బ్రేక్ హోసు మార్చాలి. దొరికిన హోసు చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, కానీ నట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. 'స్పానరు వేసి బిగిస్తే కూర్చుంటుంది' అంటున్నాడు మెకానిక్. బిగించమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఆ స్పానరు పక్కన పెట్టించు. అంబాసిడర్ పుట్టుక ఇంగ్లీషు మోరిస్ బండి, దాని బ్రేకు పైపుల మరలు అంగుళాల లెక్కలో ఉంటాయి. జపాన్ వంశపు బండ్లవి మిల్లీమీటర్ల లెక్క. 3/8 అంగుళం అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు, అటువైపు 10 మిల్లీమీటర్లు. మరకూ మరకూ మధ్య దూరం కూడా దాదాపు ఒకటే, అంగుళాల దానికి అంగుళానికి 24 మరలు, మిల్లీల దానికి మిల్లీమీటరుకు ఒకటి. చేతిలో పట్టుకుంటే ఎవరికీ తేడా తెలియదు. రెండు చుట్లు తిరుగుతుంది కూడా. బలవంతాన బిగిస్తే బిగుసుకుంటుంది, కానీ లోపలి మరలు చితికిపోయి, ఎప్పుడో ఒకరోజు గట్టిగా తొక్కినప్పుడు ఊడిపోతుంది. పెళ్ళికొడుకు కార్లో కూర్చుని ఉండగా కావచ్చు అది.

మంచి నట్టు చివరిదాకా వేళ్ళతోనే తిరగాలి, స్పానరు చివరి బిగింపుకే. మరలు కొలిచే చిన్న గేజి, దువ్వెన పళ్ళలా ఉంటుంది, లేత్ షాపులో దాన్ని ఆనించి చూస్తే అంగుళాలదో మిల్లీలదో తేలిపోతుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, అంతకుముందు యాభై ఏళ్ళకు పైగా తయారైంది కాబట్టి సామాను ఇంకా దొరుకుతూనే ఉంది, వెతకాలి అంతే. షూలు దొరక్కపోతే పాత షూ ఇనుమును పారెయ్యకు, దానికే కొత్త లైనరు వేసి రివెట్లు కొట్టేవాళ్ళు ఉన్నారు. వీల్ సిలిండరు కారుతుంటే కప్ కిట్టు (లోపలి రబ్బరు కప్పుల సెట్టు) తెచ్చేముందు లోపల వేలు పెట్టి చూడు. నున్నగా ఉంటే కిట్టు చాలు. గుంటలు తగిలితే ఎన్ని కిట్లు వేసినా నెల తిరక్కుండానే కారుతుంది, సిలిండరే మార్చాలి, లేదా లోపల ఇత్తడి స్లీవు వేయించాలి. కిట్టు సైజు పాత రబ్బరు కప్పు మీదనో సిలిండరు ఒంటి మీదనో పోతపోసి ఉంటుంది, 3/4 అనో 5/8 అనో. ఒక ఇరుసు మీద రెండు పక్కలా అదే సైజు ఉండాలి. కప్పులు కడగడానికి పెట్రోలు, కిరసనాయిలు వాడనివ్వకు, రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

ప్రశ్న: యానాం. 2004 శాంత్రో. ముందు కుడి చక్రంలో లోపలి పేడ్ పూర్తిగా అరిగిపోయింది, బయటిది సగం కూడా అరగలేదు. ఏడాదిలో ఇది రెండోసారి. పేడ్లు మంచివి కావా?

జవాబు: పేడ్ల తప్పు కాదండి. మీ బండిలో కాలిపర్, అంటే చక్రంతో తిరిగే డిస్కుకు రెండు పక్కలా పేడ్లను నొక్కే భాగం, రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతూ ఉండాలి. అవి తుప్పుతో బిగుసుకుంటే పిస్టన్ వైపు ఉన్న లోపలి పేడే ఎప్పుడూ పనిచేస్తుంది, బయటిది ఊరికే ఉంటుంది. రబ్బరు బూట్ చిరిగి నీళ్ళు వెళ్ళి ఉంటాయి. పిన్నులు బయటికి లాగి చూడండి. మెరుపు పోయి గుంటలు పడితే కొత్త పిన్నులు, కొత్త బూట్లు. చాలా కాలిపర్లలో రెండు పిన్నులూ ఒకేలా ఉండవు, ఒకదానికి చివర రబ్బరు బుష్ ఉంటుంది, పైదేదో కిందిదేదో తీసేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి. రబ్బరుకు పడే సిలికాన్ గ్రీజే రాయించండి. పేడ్ల కింద ఉండే స్టీలు రేకు క్లిప్పులు కూడా మార్చమనండి. పేడ్ల డబ్బాలో ఒక్కోసారి అవి రావు, విడిగా అడిగి తీసుకోవాలి, మన మెకానిక్‌లు 'లేకపోయినా నడుస్తుంది' అని పారేస్తుంటారు. అది లేనప్పుడు పేడ్ గాడిలో ఊగుతుంది, కొట్టుకుంటుంది, మళ్ళీ ఒకవైపే అరుగుతుంది. ఎడమ చక్రం కూడా ఇదే చూడండి.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు మావి. మేత బస్తాలకు ఓమ్ని వాడతాం. ఏడాది తిరక్కుండా డ్రమ్ముల్లో స్ప్రింగులు తుప్పు పట్టి విరిగిపోతున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో చుట్టించి వేసుకోవచ్చా?

జవాబు: చుట్టించకండి. మామూలు స్టెయిన్‌లెస్ తీగకు స్ప్రింగు తీగ బిగువు ఉండదు, పైగా చేత్తో చుట్టినవి రెండు ఒకేలా రావు. పట్టడం, సరిపోవడం గురించి పైన మాస్టారికి రాసిందంతా మీకూ వర్తిస్తుంది. మీ జబ్బు ఉప్పు. చెరువుగట్టు మీద ఉప్పునీళ్ళ బురద వెనక రేకు సందుల్లోంచి లోపలికి పోయి ఎండిపోతుంది, రాత్రి తేమకు మళ్ళీ తడుస్తుంది, అలా రోజూ. బండి పైన కడిగితే లాభం లేదు. రోజూ పని అయ్యాక చక్రాల లోపలి వైపు, వెనక రేకు మీద మంచినీళ్ళు పైపుతో పోయించండి, తరవాత కాస్త దూరం మెత్తగా బ్రేకు తొక్కుతూ నడిపితే ఆ వేడికి ఆరిపోతుంది. వెనక రేకుకు అడ్జస్టరు కోసం ఉండే బెజ్జానికి రబ్బరు బిళ్ళ ఉంటుంది, అది లేకపోతే వేయించండి, నీళ్ళు దూరే పెద్ద దారి అదే. స్ప్రింగుల సెట్టు ఒకటి ముందే కొని ఇంట్లో పెట్టుకుని, ఆరు నెలలకోసారి డ్రమ్ములు విప్పించి, మార్చాల్సి వస్తే రెండు పక్కలా కలిపి మార్చండి. మేత బస్తాల బరువుతో గట్టు దిగే బండి అది, విరిగేదాకా ఆగకండి. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీలుస్తుంది కాబట్టి మీ చోట రెండేళ్ళ గడువు ఆగకుండా ఏడాదికే మార్పించండి. మీ బండి బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే రకం పోయించండి, సగం వాడి మూత తీసి ఉంచిన పాత డబ్బాలోది మాత్రం వద్దు.